మీ ఊరి రోడ్డుకు డబ్బు తెచ్చుకోవడం ఎలా: ఏ నిధి, ఏ ఆఫీసు, ఏ కాగితం

మా ఊరు అనంతపురం జిల్లాలో మెయిన్ రోడ్డుకు రెండున్నర కిలోమీటర్లు లోపల ఉంది, మధ్యలో ఒక వంక (వాగు). వాన పడిందంటే చీనీకాయల (బత్తాయిల) లారీ లోపలికి రాదు. కాయను ట్రాక్టర్లలో మెయిన్ రోడ్డు దాకా తోలి అక్కడ మళ్లీ లారీకి ఎక్కించాలి, ఆ బాడుగ, ఆ కూలి రైతే పెట్టుకోవాలి, రెండుసార్లు ఎత్తి దించేసరికి కాయ దెబ్బ తింటుంది, వ్యాపారి దాన్నే చూపించి రేటు తగ్గిస్తాడు. రోడ్డు లేక మా ఊరు ఏటా ఎంత పోగొట్టుకుంటోందో లెక్క వేసిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

చాలా ఏళ్లు అర్జీలు ఇచ్చాం. ఏ నాయకుడు వచ్చినా చేతిలో ఒక కాగితం పెట్టేవాళ్లం, అందులో "మా ఊరికి రోడ్డు వేయించగలరు" అని ఒక్క ముక్క ఉండేది. చేస్తామనేవాళ్లు, అయ్యేది కాదు. చివరికి మా బంధువుల్లో రిటైరైన ఇంజనీరు ఒకాయన ఆ కాగితం చూసి, "ఇందులో రోడ్డు నంబరు లేదు, పొడవు లేదు, ఏ నిధి కింద అడుగుతున్నారో లేదు, దీన్ని ఏ ఫైల్లో పెట్టమంటారప్పా?" అన్నారు. అప్పుడు అర్థమైంది, మేము అన్ని రోజులూ అడిగింది రోడ్డే కానీ ఏ ఆఫీసూ పట్టుకుని పనిచేయగలిగేలా అడగలేదని. అక్కడి నుంచి మేము నేర్చుకున్నదంతా వరసగా రాస్తున్నాను. అనంతపురం, కర్నూలు, కడప, ఈ మూడు పాత జిల్లాల్లో ఏ పల్లెలో ఉన్నా మీకు పనికొస్తుంది.

మొదటి పని: ఆ రోడ్డు ఎవరిదో తేల్చుకోండి

ఇది తప్పితే మిగతాదంతా వృథా. మాకు అలా ఒక ఏడాది పోయింది. మా రోడ్డు పంచాయతీరాజ్‌దైతే మేము అర్జీ ఇచ్చింది వేరే శాఖకు, వాళ్లు మాది కాదని కూడా చెప్పలేదు, కాగితం అక్కడే ఉండిపోయింది.

లెక్క ఇలా ఉంటుంది. కర్నూలు, అనంతపురం మీదుగా పోయే 44, కర్నూలు నుంచి నంద్యాల, కడప మీదుగా పోయే 40, తాడిపత్రి, గుంతకల్లు వైపు పోయే 67, ఇవి జాతీయ రహదారులు. రాష్ట్ర రహదారులు, జిల్లా ముఖ్య రోడ్లు ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల) శాఖవి. ఊరి నుంచి ఊరికి, ఊరి నుంచి పెద్ద రోడ్డుకు పోయే లింకు రోడ్లు చాలావరకు పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ విభాగానివి. ఊరి లోపలి వీధులు గ్రామ పంచాయతీవి, మున్సిపాలిటీ అయితే మున్సిపాలిటీవి. ఇక పొలాల మధ్య బండ్ల బాట ఉందే, అది చాలాసార్లు ఏ ఇంజనీరింగ్ శాఖ లెక్కలోనూ ఉండదు, రెవెన్యూ పటంలో మాత్రమే ఉంటుంది.

మీ గ్రామ సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంట్‌ను అడగండి, అక్కడ తేలకపోతే మండలంలో పంచాయతీరాజ్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) దగ్గరికి పోండి. నాలుగు ప్రశ్నలు రాసుకుని పోండి: ఈ రోడ్డు జిల్లా గ్రామీణ రోడ్ల ప్రణాళికలో ఉందా, ఉంటే నంబరు ఎంత, రికార్డులో పొడవు ఎంత, అది మట్టి రోడ్డని ఉందా, గ్రావెల్ అని ఉందా, తారు అని ఉందా. చివరి ప్రశ్న చాలా ముఖ్యం. నేల మీద గుంతలు తప్ప ఏమీ లేని రోడ్డు రికార్డులో తారు రోడ్డని ఉంటే కొత్త రోడ్డు పథకాల్లో మీకు చోటు దొరకదు. ముందు ఆ రికార్డును సరి చేయించుకోవాలి, దానికి తేదీ పడిన ఫోటోలు పెట్టి ఏఈకి రాతపూర్వకంగా ఇవ్వండి.

నోటిమాటగా చెప్పకపోతే సమాచార హక్కు కింద అడగండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకు ఫీజు లేదు, మండల స్థాయికి రూ.5, ఆ పైన రూ.10. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. పోట్లాడే ధోరణిలో రాయొద్దు, పై నాలుగు ప్రశ్నలే మర్యాదగా రాయండి. ఆ ఏఈతోనే మీకు రేపు ఎస్టిమేట్ (ఖర్చు అంచనా) పని పడుతుంది.

నేల సంగతి డబ్బు కంటే ముందే చూడండి

గ్రామీణ రోడ్ల పథకాల్లో భూమి కొనడానికి కేంద్రం డబ్బు ఇవ్వదు. నేల ఊరివాళ్లో రాష్ట్రమో చూపించాలి. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో సాధారణంగా తారు వెడల్పు 3.75 మీటర్లు, అంచులతో కలిపి మొత్తం 7.5 మీటర్లు తీసుకుంటారు. రోజుకు 100 బండ్లు కూడా తిరగని చోట తారు 3 మీటర్లకు, మొత్తం 6 మీటర్లకు తగ్గిస్తారు. మీ బాట ఇప్పుడు ఎంత వెడల్పుందో టేపు పట్టుకుని కొలవండి, ఇరుకున్న ప్రతి చోటా రాసుకోండి.

తర్వాత గ్రామ సర్వేయర్‌ దగ్గర సర్వే పటం చూడండి. పటంలో రస్తా అని చూపించి ఉంటే అది ప్రభుత్వ నేల, ఎవరైనా కలుపుకుని దున్నుకుంటుంటే సర్వే చేయించి హద్దులు వేయించుకోవచ్చు. పటంలో లేకుండా అలవాటుగా పట్టా పొలంలోంచి నడుస్తున్న బాట అయితే ఆ రైతు ఒప్పుకోవాల్సిందే. మా ఊళ్లో ఒక పెద్దాయన చీనీ తోట అంచున రెండు వరసల చెట్లు పోతాయని ఒప్పుకోలేదు. అందరూ ఆయన్ని తిట్టారు. నాకైతే ఆయన బాధ న్యాయమే అనిపించింది, పదేళ్లు బోరు నీళ్లు పోసి పెంచిన చెట్లు అవి. చివరికి ఇంజనీరును పిలిపించి బాటను కొంచెం ఇటువైపు పోరంబోకులోకి జరిపితే ఒక వరసతో సరిపోయింది, ఆయనే వచ్చి సంతకం పెట్టారు. కాబట్టి నేల ఇచ్చేవాళ్లతో ఇంట్లో కూర్చుని మాట్లాడండి, గ్రామసభలో పదిమంది ముందు నిలదీయొద్దు. ఒప్పుకున్నాక రాతపూర్వకంగా తీసుకోండి, సర్వే నంబరు, ఎంత వెడల్పు, ఎంత పొడవు ఇస్తున్నారో అన్నీ అందులో ఉండాలి. సడక్ యోజనలో ప్రాజెక్టు నివేదిక తయారుచేసే ముందు సర్పంచ్, రెవెన్యూ సిబ్బంది, ఇంజనీరు కలిసి రోడ్డు పొడవునా నడిచి చూడాలన్న నియమం ఉంది. ఆ రోజు నేల ఇచ్చే రైతులు కూడా అక్కడ ఉండేలా చూసుకోండి.

నల్లమల పక్క గూడేల వాళ్లకు ఇంకో మెట్టు ఉంది, అటవీ భూమి. అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) ప్రకారం ఊరికి కావాల్సిన రోడ్డు, బడి, నీటి పైపు లాంటి 13 రకాల పనులకు ఒక్కో పనికి హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వవచ్చు, హెక్టారుకు 75 చెట్లకు మించి పోకూడదు, గ్రామసభ సిఫార్సు తప్పనిసరి. పులుల అభయారణ్యం లోపల నియమాలు ఇంకా గట్టిగా ఉంటాయి. అందుకే అక్కడివాళ్లు రోడ్డు అర్జీ ఇచ్చిన రోజే అటవీ అధికారికి కూడా ఒక కాపీ ఇవ్వాలి, ఆఖరున పోతే మొత్తం ఆగిపోతుంది.

ఇప్పుడు డబ్బు: మీ రోడ్డుకు ఏ నిధి సరిపోతుంది

ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి. ఒక్కో నిధికీ ఒక్కో షరతు ఉంది, షరతు కలవని నిధిని ఎంత అడిగినా రాదు.

ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన 2000 డిసెంబరు 25న మొదలైంది. ఇప్పుడు నడుస్తున్నది నాలుగో దశ, 2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది, 2024-25 నుంచి 2028-29 వరకు, దేశం మొత్తానికి రూ.70,125 కోట్లతో 62,500 కిలోమీటర్లు వేసి 25,000 ఆవాసాలను, అంటే జనం ఉండే ఇళ్ల గుంపులను, కలపాలని. ఇది ఇప్పటిదాకా రోడ్డు లేని ఆవాసాలకు కొత్త రోడ్డు వేసే దశ. పాత తారు రోడ్డు చెడిపోయింది, బాగుచేయండి అంటే ఇందులో కుదరదు. 2011 లెక్కల ప్రకారం మైదాన ప్రాంతంలో జనాభా 500 దాటాలి. అయితే కొన్ని ప్రాంతాలకు 250 చాలు: షెడ్యూల్డ్ గిరిజన ప్రాంతాలు, ఆకాంక్షిత జిల్లాలు, ఆకాంక్షిత బ్లాకులు (వెనుకబడినవిగా కేంద్రం గుర్తించినవి), ఎడారి ప్రాంతాలు. ఇది మనవాళ్లలో చాలామందికి తెలియదు. కడపను 2018లో ఆకాంక్షిత జిల్లాగా గుర్తించారు. అనంతపురం జిల్లాను కేంద్రం ఎప్పుడో ఎడారి అభివృద్ధి పథకంలో చేర్చింది. జిల్లాలు విడిపోయాక మీ మండలం ఏ జాబితాలో ఉందో పంచాయతీరాజ్ ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) ఆఫీసులో తేల్చుకోండి. 300 మంది ఉన్న మజరా (పెద్ద ఊరి కింద ఉండే చిన్న పల్లె) వాళ్లు "మాకు 500 లేదు కదా" అని ముందే వదులుకోవద్దు.

జనాభా లెక్కలో ఇంకో వీలు కూడా ఉంది. పథకం చూసేది ఆవాసాన్ని, రెవెన్యూ గ్రామాన్ని కాదు. దగ్గర దగ్గరగా, 500 మీటర్ల లోపు ఉన్న ఆవాసాల జనాభాను కలిపి లెక్కించవచ్చు. ఊరు, పక్కన తండా, ఆ పక్కన కాలనీ మూడూ కలిపితే లెక్క దాటుతుందేమో చూడండి. అలాగే అన్ని కాలాల్లో నడిచే రోడ్డు మీకు 500 మీటర్లు లేదా అంతకన్నా ఎక్కువ దూరంలో ఉంటేనే రోడ్డు లేని ఆవాసం కిందికి వస్తారు. దీనికి సర్వే గ్రామ్ సడక్ సర్వే అనే యాప్‌లో చేస్తారు. మీ ఆవాసం సర్వేలో ఎక్కిందా లేదా అన్నదే అసలు ప్రశ్న, ఎక్కకపోతే నాయకుడి లేఖ ఉన్నా లాభం లేదు. ఖర్చులో కేంద్రం వాటా 60, రాష్ట్రం వాటా 40. మంజూరైన రోడ్డు ఎందుకు కదలడం లేదని మీకు అనిపిస్తే రాష్ట్రం వాటా విడుదలైందా అని అడగండి, బిల్లులు రావన్న భయంతో కాంట్రాక్టర్లు టెండరు వేయకపోవడం మనకు కొత్త కాదు.

నల్లమల చెంచు గూడేలకు వేరే దారి ఉంది. 2023 నవంబరు 15న మొదలైన పీఎం జన్‌మన్ కింద చెంచుల్లాంటి ఆదిమ గిరిజన ఆవాసాలకు 100 మంది ఉన్నా రోడ్డు ఇవ్వవచ్చు. శ్రీశైలం ఐటీడీఏ (గిరిజన అభివృద్ధి సంస్థ), పంచాయతీరాజ్ ఇంజనీర్లు ఇద్దరినీ కలవాలి.

ఊరి లోపలి సిమెంటు రోడ్లకు మన దగ్గర పెద్ద ఆధారం ఉపాధి హామీ డబ్బే. ఆ పథకం దేశమంతటికీ మొదలైంది మన నార్పల మండలం బండ్లపల్లిలోనే, 2006 ఫిబ్రవరి 2న. అందులో కూలికి కనీసం 60 శాతం, సామాగ్రికి గరిష్ఠంగా 40 శాతం అని నిష్పత్తి. సిమెంటు రోడ్డులో కూలి తక్కువ, సిమెంటు, కంకర ఎక్కువ కాబట్టి ఆ 40 శాతంలోంచి తీస్తారు. అంటే జనం ఎండాకాలం కందకాలు, ఫారం పాండ్లు, చెరువు పూడికతీత లాంటి కూలి పనులకు ఎంత ఎక్కువ పోతే రోడ్లకు సామాగ్రి డబ్బు అంత ఎక్కువ పుడుతుంది. మా వీధి రోడ్డు వేసిన డబ్బు మా అక్కలు, వదినలు మార్చి, ఏప్రిల్ ఎండలో గడ్డపార పట్టి సంపాదించినదే అని నేను ఎప్పుడూ చెబుతుంటాను. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టి తీర్మానాలు తీసుకున్నారు, అక్టోబరులో పల్లె పండుగ పేరుతో ఆ పనులు మొదలయ్యాయి. ఆ రోజు తీర్మానంలో పేరు రాయించుకున్న వీధులకే వరసలో చోటు దొరికింది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో కొత్త చట్టం చేసింది, పని దినాలు 125కు పెంచారు, పనులు పంచాయతీ ప్లాన్‌లోంచే రావాలన్నది అందులోనూ ఉంది. కాబట్టి పేరు మారినా మీరు చేయాల్సింది అదే, ప్లాన్‌లో మీ వీధి ఎక్కించుకోవడం. రోడ్లకు ఇప్పుడు ఎంత భాగం వాడవచ్చో ఎంపీడీఓ (మండల అభివృద్ధి అధికారి) ఆఫీసులో ఉపాధి పనులు చూసే ఏపీఓను అడగండి.

ఆర్థిక సంఘం డబ్బు నేరుగా పంచాయతీకి వస్తుంది. 15వ ఆర్థిక సంఘం లెక్కలో 60 శాతం నీళ్లు, పారిశుధ్యానికి కట్టేసి ఉంచారు, మిగతా 40 శాతం పంచాయతీ ఇష్టం. చిన్న పంచాయతీకి ఆ 40 శాతంతో రెండు కిలోమీటర్ల తారు రోడ్డు రాదు, ఆశపెట్టుకోవద్దు. గుంతలు పూడ్చడం, తూము వేయడం, వీధి చివర మిగిలిన ముక్క వేయడం లాంటివాటికి పనికొస్తుంది. ఆ సంఘం కాలం 2026 మార్చి వరకే, ఆ ఏప్రిల్ నుంచి 16వ సంఘం లెక్క. మీ పంచాయతీకి ఎంత వచ్చింది, దేనికి ఖర్చు పెట్టారు అన్నది ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్‌లో ఎవరైనా చూడవచ్చు.

ఎంపీ నిధులు. ఏడాదికి ఒక ఎంపీకి రూ.5 కోట్లు, అందులో 15 శాతం ఎస్సీలు, 7.5 శాతం ఎస్టీలు ఉండే ప్రాంతాలకు సిఫార్సు చేయాలి. ఎంపీ సిఫార్సు మాత్రమే చేస్తారు, మంజూరు చేసేది కలెక్టర్ యంత్రాంగం. లోక్‌సభ సభ్యుడు తన నియోజకవర్గంలో ఇస్తారు, రాజ్యసభ సభ్యుడైతే రాష్ట్రంలో ఎక్కడైనా ఇవ్వవచ్చు, ఆ సంగతి మర్చిపోయి మనం ఒక్కరి చుట్టే తిరుగుతాం. ఒక పార్లమెంటు సీటు కింద ఏడు అసెంబ్లీ నియోజకవర్గాలు, వందల ఊళ్లు ఉంటాయి కాబట్టి ఈ నిధిని మొత్తం రోడ్డుకు అడగొద్దు, చిన్నదీ, పూర్తిగా ముగిసేదీ అడగండి. మేము వంక మీద కల్వర్టు అడిగాం. వచ్చింది.

గనుల పక్క ఊళ్లు మాత్రం అడగాల్సింది జిల్లా ఖనిజ నిధి. 2015లో చట్టం మారినప్పటి నుంచి గని లీజుదారులు రాయల్టీ మీద అదనంగా 10 శాతం గానీ, పాత లీజులైతే 30 శాతం గానీ జిల్లా ఖనిజ ఫౌండేషన్‌కు కట్టాలి. తాడిపత్రి, ఎర్రగుంట్ల, కొలిమిగుండ్ల, బేతంచెర్ల చుట్టుపక్కల సున్నపురాయి లారీలు, సిమెంటు ట్యాంకర్లు ఎన్ని తిరుగుతాయో, వాటి కింద పల్లె రోడ్లు ఎలా నలిగిపోతాయో అక్కడివాళ్లకు నేను చెప్పాల్సిన పని లేదు. ఈ నిధిలో పెద్ద వాటా తాగునీరు, ఆరోగ్యం, చదువు లాంటివాటికే పోవాలి, రోడ్లు రెండో వరసలో ఉంటాయి. అందుకే అర్జీలో రోడ్డు బాగాలేదని మాత్రమే రాస్తే సరిపోదు. గని మీ ఊరికి ఎన్ని కిలోమీటర్లు, రోజుకు ఎన్ని లారీలు మీ రోడ్డు మీద పోతున్నాయి, దుమ్ము వల్ల బడికి, పంటకు ఏమవుతోంది అని రాయాలి. మూడు రోజులు పొద్దున నుంచి సాయంత్రం దాకా ఇద్దరు పిల్లకాయలను కూర్చోబెట్టి లారీలు లెక్కపెట్టించండి, ఆ కాగితమే మీకు బలం.

ఎస్సీ కాలనీలకు, తండాలకు 2013 ఉప ప్రణాళిక చట్టం కింద నిధులు ఉన్నాయి. ఎస్సీ జనాభా 40 శాతం దాటిన ఊళ్లకు కేంద్రం పీఎం అజయ్ కింద ఆదర్శ గ్రామ నిధులు ఇస్తుంది, అందులో అంతర్గత రోడ్లు కూడా వస్తాయి. జిల్లా సాంఘిక సంక్షేమ ఆఫీసులో అడగండి.

వరదలో తెగిన రోడ్డు వేరే లెక్క. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు పొడవునా ఊళ్లు కొట్టుకుపోయినప్పుడు, కమలాపురం దగ్గర పాపాఘ్ని వంతెన కూలినప్పుడు చూశాం కదా. విపత్తు నిధి నుంచి తక్షణ మరమ్మతుకే ఇస్తారు, కొత్త రోడ్డు వేయరు, పైగా నష్టం లెక్క వేసే కొద్ది రోజుల్లోనే మీ రోడ్డు జాబితాలో ఎక్కాలి. నీళ్లు తీయగానే ఫోటోలు తీసి ఆ రోజే సచివాలయంలో ఇవ్వండి.

నాబార్డ్ రోడ్లు, సాస్కీ రోడ్లు అని వింటుంటారు. నాబార్డ్‌ది రాష్ట్రానికి ఇచ్చే అప్పు, సాస్కీ అంటే కేంద్రం రాష్ట్రానికి 50 ఏళ్లకు వడ్డీ లేకుండా ఇచ్చే అప్పు. వీటిని ఊరు నేరుగా అడగలేదు, శాఖ పంపే జాబితాలో మీ రోడ్డు ఉండాలి. అందుకే మొదట్లో రోడ్డు నంబరు, రికార్డు అని అంత చెప్పాను.

గ్రామసభ తీర్మానం ఎలా రాయించాలి

ఆగస్టు 15, అక్టోబరు 2 లాంటి తేదీల్లో గ్రామసభలు జరుగుతాయి, వచ్చే ఏడాది ప్లాన్‌కు పనులు తీసుకునేది కూడా ఆ కాలంలోనే. వారం ముందే పంచాయతీ కార్యదర్శికి రాసిచ్చి అజెండాలో చేర్పించండి. సభలో అప్పటికప్పుడు లేచి అడిగితే "చూద్దాం" అని రాసేస్తారు. తీర్మానం మాటలు మీరే రాసుకుని పోండి. మేము రాసుకుపోయింది దాదాపు ఇలా ఉంది:

"మా గ్రామం నుంచి మెయిన్ రోడ్డు వరకు గల 2.5 కి.మీ. గ్రావెల్ రోడ్డు, రోడ్డు నంబరు ఫలానా, వర్షాకాలంలో వంక పారినప్పుడు మూసుకుపోతున్నది. రోడ్డుకు అవసరమైన భూమి సర్వే నంబర్లు ఫలానాలో రస్తాగా ఉన్నది, ఫలానా సర్వే నంబరు రైతు సమ్మతి పత్రం జత చేయడమైనది. ఈ రోడ్డును తారు రోడ్డుగా, వంకపై కల్వర్టుతో సహా, పథకాల అర్హతను బట్టి మంజూరు చేయవలసిందిగా, ఊరి పనుల్లో దీన్ని మొదటి ప్రాధాన్యంగా తీసుకోవలసిందిగా గ్రామసభ ఏకగ్రీవంగా తీర్మానించినది."

మొదటి ప్రాధాన్యం అన్న మాట తప్పకుండా ఉండాలి. ఇరవై పనులు వరసగా రాసిన తీర్మానంలో మీది పదిహేడోది అయితే పైన ఎవరూ చూడరు. ఊరు ముందే కూర్చుని ఏది మొదట అన్నది తేల్చుకోవాలి, ఇది అన్నిటికంటే కష్టమైన పని, మాకు మూడు సాయంత్రాలు పట్టింది. తీర్మానం కాపీ మీద కార్యదర్శి సంతకం, ముద్ర, తేదీ వేయించుకుని మీ దగ్గర పెట్టుకోండి.

ఎస్టిమేట్ లేకుండా కలెక్టర్ దగ్గరికి పోవద్దు

తీర్మానం, సమ్మతి పత్రాలు, పటం నకలు తీసుకుని ఏఈ దగ్గరికి పోయి ఎస్టిమేట్ వేయమని రాతపూర్వకంగా అడగండి. ఎంత అవుతుందో అంకె లేని అర్జీకి ఎవరూ మంజూరు ఇవ్వలేరు. ఏఈ వేస్తే ఆయన పై ఇంజనీర్లు డీఈఈ, ఈఈ చూస్తారు. ఏఈలకు పని ఎక్కువ, మండలాలు పెద్దవి, కాబట్టి ఆయన వచ్చే రోజు టేపు పట్టుకోవడానికి నలుగురు మనుషులు, కూర్చోవడానికి నీడ, మధ్యాహ్నం భోజనం ఊరు చూసుకోవాలి. సర్వే అదే రోజు ముగుస్తుంది.

నేల గురించి ఒక మాట. ఉరవకొండ, కోయిలకుంట్ల, ఆళ్లగడ్డ, జమ్మలమడుగు వైపు నల్లరేగడి. అది వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు బారుతుంది, పైన ఎంత మంచి తారు వేసినా రెండేళ్లలో పగులుతుంది. ఎస్టిమేట్‌లో నేల బలం పరీక్ష, అంటే సీబీఆర్, చేశారా, కింద గ్రావెల్ పొర ఎంత మందం పెట్టారు అని అడగండి. కొత్త వాళ్లు తారు మందం మీదే పట్టుబడతారు కానీ నల్లరేగడిలో రోడ్డును నిలబెట్టేది కింది పొర, పక్క కాలువ. వంక దగ్గర ఎన్నేళ్ల కిందట నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో ఊరి పెద్దలను అడిగి ఇంజనీరుకు చెప్పండి. తూములు చిన్నవి పెడితే మొదటి పెద్ద వానకే రోడ్డు తెగిపోతుంది.

అర్జీ ఇచ్చాక వెంటపడడం

ప్రతి సోమవారం కలెక్టరేట్‌లో పీజీఆర్ఎస్, అంటే జనం అర్జీలు తీసుకునే కార్యక్రమం, ఉంటుంది. అక్కడ ఇచ్చిన అర్జీకి నంబరు వస్తుంది, 1100కు ఫోన్ చేసి ఎక్కడి దాకా వచ్చిందో కనుక్కోవచ్చు. అర్జీకి తీర్మానం, ఎస్టిమేట్ నకలు, సమ్మతి పత్రాలు, నాలుగు ఫోటోలు జత చేయండి. అర్జీ మొదటి వాక్యంలోనే ఏ నిధి కింద అడుగుతున్నారో రాయండి. "పరిష్కరించబడింది" అని మెసేజ్ వచ్చి రోడ్డు మాత్రం రాకపోతే కోపం వస్తుంది, నాకూ వచ్చింది. అలాంటప్పుడు ఏ కారణంతో మూశారో ఎండార్స్‌మెంట్ కాపీ అడగండి, ఆ కారణానికే జవాబు రాసి మళ్లీ పెట్టండి.

నాలుగు మాటల మధ్య తేడా ఊళ్లో అందరికీ తెలియాలి. ప్రతిపాదన పంపాం అంటే కాగితం పోయింది, అంతే. పరిపాలనా అనుమతి వచ్చింది అంటే డబ్బు ఏ ఖాతాలోంచి ఇవ్వాలో నిర్ణయం అయింది. సాంకేతిక అనుమతి అంటే డిజైను, అంకెలు ఇంజనీర్లు ఖాయం చేశారు. టెండరు, అగ్రిమెంటు అయితే కాంట్రాక్టర్ ఎవరో, గడువు ఎంతో తెలుస్తుంది. ఎవరైనా "రోడ్డు శాంక్షన్ అయింది" అంటే పరిపాలనా అనుమతి నంబరు, తేదీ అడగండి. నంబరు లేకపోతే ఇంకా ప్రతిపాదన దగ్గరే ఉన్నట్టు.

పని మొదలయ్యాక

ఇక్కడ ఊరు నిద్రపోతే అంతా పోయినట్టే. పని జరిగే చోట బోర్డు ఉండాలి, పథకం, అంచనా విలువ, పొడవు, కాంట్రాక్టర్, మొదలుపెట్టిన తేదీ అందులో ఉంటాయి. ఫోటో తీసుకోండి. సిమెంటు రోడ్డుకు కనీసం 14 రోజులు తడి ఆరకుండా నీళ్లు పెట్టాలి, మన ఎండల్లో ఇది చాలా ముఖ్యం. మట్టి కట్టలు కట్టి నీళ్లు నిలబెట్టమని అడగండి, వీధిలో ప్రతి ఇల్లూ రెండు పూటలా చూసుకుంటే చాలు. ఆ 14 రోజులు ట్రాక్టర్‌ను అటు తోలకుండా ఉండే బాధ్యత మనది.

సడక్ యోజన రోడ్డుకు వేసిన కాంట్రాక్టరే ఐదేళ్లు నిర్వహణ చూడాలి, అది అగ్రిమెంటులోనే ఉంటుంది. గుంత పడితే మేరీ సడక్ యాప్‌లో ఫోటో పెట్టండి, ఏఈకి కాపీ ఇవ్వండి. రాష్ట్ర, జాతీయ నాణ్యత పరిశీలకులు వచ్చి రోడ్డు తవ్వి చూస్తారు. వాళ్లు వచ్చినప్పుడు ఊరివాళ్లు అక్కడ ఉండి చెప్పాల్సింది చెప్పవచ్చు. ఐదేళ్లు ఏ తేదీతో ముగుస్తాయో రాసిపెట్టుకుని, ఆ తేదీకి ఆరు నెలల ముందే చెడిపోయిన చోట్లన్నీ రాసి ఇవ్వండి.

మా లెక్క చెప్పాలంటే ఊళ్లో రెండు వీధులకు సిమెంటు రోడ్డు ఉపాధి డబ్బుతో వచ్చింది, వంక మీద కల్వర్టు ఎంపీ నిధులతో వచ్చింది, తారు ఇంకా రాలేదు, ఆవాసం సర్వేలో ఎక్కింది, ఈఈ ఆఫీసు నుంచి ప్రతిపాదన పోయింది. కల్వర్టు వచ్చాక పోయిన ఏడాది వానల్లో మొదటిసారి చీనీ లారీ ఊరి మొదటి దాకా వచ్చింది. మా ఫైలు ఒకప్పుడు సర్పంచ్ ఇంట్లో ఉండేది, సర్పంచ్ మారినప్పుడు సగం కాగితాలు దొరకలేదు. ఇప్పుడు అసలు కాగితాలు పంచాయతీ ఆఫీసు బీరువాలో, ఒక జిరాక్స్ సెట్టు కిరాణా కొట్టు అన్న దగ్గర, ఫోటోలు ఇద్దరు పిల్లల ఫోన్లలో పెట్టాం. సోమవారం ఎవరు అనంతపురం పోతున్నా ఆ సెట్టు తీసుకుని పోతారు.